నీళ్ళు నడిచిన మట్టి

రండి, లోపలికి రండి. ఈ ముసురు ఇప్పట్లో వదిలేట్టు లేదు. మన నెల్లూరు సీమకు వానాకాలం అంటే ఇదే. జూన్, జులైల్లో మిగతా లోకం తడుస్తుంటే మనం వడగాలికి ఎండుతుంటాం. అందరి వానలూ అయిపోయాక, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్యపు గాలి బంగాళాఖాతం మీదుగా వచ్చి మన వంతు కురిపించి పోతుంది. ఏడాది మొత్తం వానలో సగానికి పైగా ఈ మూడు నెలల్లోనే. ఆ తర్వాత నెలల తరబడి ఎండ. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, మన మట్టి ఇట్లా ఎందుకుందో చెప్పేటప్పుడు పనికొస్తుంది.

మట్టి కబుర్లేమిటి ఈ వానలో అంటారా? వాకిట్లో విడిచిన చెప్పులు ఒకసారి చూడండి. ఆత్మకూరు దోవలో మెట్టచేల మీదుగా వచ్చినవాళ్ళ చెప్పులకు ఎర్రమన్ను. కయ్యగట్టు మీద నడిచొచ్చినవాళ్ళ చెప్పులకు బూడిదరంగు బంక, గీకినా ఊడదు. ఏట్లోంచి వచ్చినవాళ్ళకు ఇసక, దులిపితే రాలిపోతుంది. నల్లరేగడిలోంచి వచ్చిన మనిషైతే చెప్పులు చేత పట్టుకునే వస్తాడు. ఇంత దగ్గర దగ్గరలో, అదే వాన, అదే ఎండ, మరి ఇన్ని మట్టులు ఎట్లా వచ్చాయి? నాకు తోచిన జవాబు ఒకటే. నీళ్ళు ఎక్కడ ఆగకుండా జారిపోయాయి, ఎక్కడ కొంతకాలం ఆగి వెళ్ళాయి, ఎక్కడ నిలిచిపోయాయి అన్నదాన్ని బట్టే మట్టి రంగూ గుణమూ ఏర్పడ్డాయి. రాయి తల్లయితే కావచ్చు గానీ, పెంచింది మాత్రం నీళ్ళే.

ఈ పెంపకం చూడటానికి పెన్న ఒడ్డున ఉన్న మన సంగం కన్నా అనువైన చోటు నాకు తెలీదు. పెన్నా నది కర్ణాటకలో నందికొండల దగ్గర పుట్టి, అనంతపురం, కడప సీమల మీదుగా వచ్చి, సోమశిల దగ్గర వెలికొండలను చీల్చుకుని మన మైదానంలోకి దిగుతుంది. పుట్టిన చోటు నుంచి సముద్రం దాకా 597 కిలోమీటర్ల నడక. బీరాపేరు వాగు వచ్చి దాంట్లో కలిసేది సంగం దగ్గరే. పడమటికి చూస్తే మెట్ట, దాని వెనక కొండలు. తూర్పుకు తిరిగితే బుచ్చిరెడ్డిపాళెం, కోవూరు మాగాణులు, ఆ పైన సముద్రం. ఇటు అడవి, అటు అలలు, మధ్యలో మనం.

కొండ దగ్గరే మొదలుపెడదాం. వెలికొండల్లో ఎక్కువగా కనిపించే గట్టి రాయిని క్వార్ట్‌జైట్ అంటారు. వంద కోట్ల ఏళ్ళకు పైబడిన పాతకాలపు సముద్రపు ఇసకే బిగిసి బిగిసి రాయైంది. ఆ రాయి అరిగితే మళ్ళీ ఇసకే వస్తుంది, బంక రాదు. అందుకే ఆ కొండల్లోని పెంచలకోన అడవిలో నడిస్తే కాలికింద మన్ను కన్నా రాయే ఎక్కువ తగులుతుంది. అట్లాంటి చోటే ఎర్రచందనానికి పుట్టిల్లు. వెలికొండ, పాలకొండ, లంకమల, శేషాచలం, ఇంకా ఆ చుట్టుపక్కల కొండలు తప్ప లోకంలో ఆ చెట్టు తనంతట తాను పెరిగే అడవులు దాదాపు లేవు. బలమైన నేల దానికి అక్కర్లేదు. వేళ్ళ దగ్గర నీళ్ళు నిలవకుండా ఉంటే చాలు.

అడవి నేల అనగానే సారమంతా అక్కడే ఉందనుకుంటాం. మన వంటి వేడి సీమల్లో అది సగమే నిజం. చలిదేశాల్లో రాలిన ఆకు ఏళ్ళ తరబడి పేరుకుంటుంది. మన దగ్గర వాన పడీ పడగానే బూజులు, చెదలు, కంటికి కనపడని జీవులు దాని పని పట్టేస్తాయి. పైన నాలుగు వేళ్ళ మందాన నల్లగా ఉంటుంది, అది దాటితే ఎరుపే. అమెజాన్ మహారణ్యంలోనూ చాలాచోట్ల ఇంతే. సారం చెట్టులోంచి ఆకుకు, ఆకులోంచి వేరుకు, వేరులోంచి మళ్ళీ చెట్టుకు తిరుగుతూ ఉంటుంది. నేలలో నిలవుండేది తక్కువ. చెట్టు నరికి కాల్చి విత్తనం చల్లితే ఆ బూడిద బలంతో రెండు మూడేళ్ళు పండుతుంది, తర్వాత పండదు. పోడు చేసుకునే గిరిజనులు చోటు మారుస్తూ ఉండటం తెలివితక్కువతనం కాదు. ఆ నేల సంగతి వాళ్ళకు తెలుసు.

కొండ దిగాక ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా తుప్పలు, గడ్డి, అక్కడక్కడా ఓ చెట్టు. కాగితాల్లో దీన్ని ఒకచోట పాడైన అడవి అనీ, ఇంకోచోట బంజరు అనీ రాస్తారు. ఆ మాటలు చదివినప్పుడల్లా నాకు మనసు కష్టంగా ఉంటుంది. 2011లో జయశ్రీ రత్నం, మహేశ్ శంకరన్, మరికొందరు పర్యావరణ శాస్త్రవేత్తలు కలిసి ఒక వ్యాసం రాశారు. ఆసియాలో పొడి అడవులని పిలుస్తున్న వాటిలో చాలా భాగం అసలు అడవులే కావు, సవానాలు అన్నది వాళ్ళ వాదన. కింద గడ్డి, పైన ఎడమెడంగా చెట్లు, ఏడాదిలో సగం పైగా ఎండ, అప్పుడప్పుడూ మంట, ఆ మంటకు అలవాటు పడ్డ దళసరి బెరళ్ళు. ఆఫ్రికాలో సింహాలు తిరిగే గడ్డిమైదానాలకు ఇవి చుట్టాలు. మనిషి గొడ్డలి వల్ల దిగజారిన అడవులుగా వీటిని చూడకూడదన్నారు.

మట్టి వైపు నుంచి చూస్తే నాకు ఆ వాదన బాగా నచ్చింది. ఎందుకంటే గడ్డి చేసే మేలు పైకి కనపడదు. అది తను సంపాదించినదాంట్లో పెద్దవాటా వేళ్ళకు పంపుతుంది. ఆ వేళ్ళు నేల లోపలే చస్తాయి, లోపలే కుళ్ళుతాయి. రాలిన ఆకులా ఎండకు మాడిపోవడం, మంటకు ఎగిరిపోవడం వాటికి లేదు. కార్చిచ్చు పైనంతా నాకేసినా లోపలి కర్బనం చాలావరకు క్షేమంగా ఉంటుంది. అట్లాంటి బీడును దున్ని జామాయిలు నాటి అడవి పెంచామంటే నేను ఒప్పుకోను.

ఈ మెట్టబీళ్ళలో అసలు కష్టజీవులు చెదలు. పుట్టను చూస్తే మనకు నాగులచవితి గుర్తొస్తుంది, పాలు పోసి దణ్ణం పెట్టుకుంటాం. పెళ్ళిళ్ళలో అంకురార్పణకు నవధాన్యాలు చల్లేది పుట్టమన్నులోనే. తిరుమల బ్రహ్మోత్సవాలకు ముందు కూడా మన్ను సేకరించి తెచ్చి అంకురార్పణ చేస్తారు. మన పెద్దవాళ్ళు మొలకకు ఆ మన్నే ఎందుకు ఎంచుకున్నారో గానీ, అది మామూలు మన్ను కాదన్నది మాత్రం ఖాయం. చెదపురుగు లోపలికి దిగి, తేమగా ఉన్న మెత్తటి బంకను రేణువు రేణువుగా నోట కరుచుకుని పైకి తెచ్చి, లాలాజలంతో అతికి పుట్ట పెడుతుంది. లోపల బూజుతోటలు పెంచి అవే తింటుంది. చుట్టూ ఉన్న చేనిమట్టి కన్నా పుట్టమట్టిలో బంక పాలు ఎక్కువ, చాలాచోట్ల సున్నం పాలూ ఎక్కువ. వానకు పుట్ట కరిగితే ఆ బంకంతా చుట్టూ పరుచుకుంటుంది. మళ్ళీ పుట్ట, మళ్ళీ వాన. వేల ఏళ్ళు ఇట్లా జరిగితే నేల మొత్తం కిందిది పైకి, పైది కిందికి అయిపోతుంది. మెట్టలో బావి తవ్వినవాళ్ళను అడగండి. పైన మెత్తటి ఎర్రమన్ను, దాని కింద గులకరాళ్ళ పొర, ఆ కింద మెత్తబడిన రాయి. చెదపురుగు రేణువును మోయగలదు గానీ గులకరాయిని మోయలేదు కదా. రాళ్ళు కింద మిగిలిపోయి పొరగా ఏర్పడటం చాలాచోట్ల చెదల పనేనని నేలశాస్త్రజ్ఞులు చెబుతారు.

ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో భూగర్భజలం కనిపెట్టే ఉపాయాలకు ఒక అధ్యాయమే కేటాయించాడు. అందులో చెట్లతో పాటు పుట్టల్ని పదే పదే గుర్తులుగా చెబుతాడు. ఫలానా చెట్టుకు ఫలానా దిక్కున పుట్ట ఉంటే ఇంత లోతున నీళ్ళు అని. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రవేత్త ఇ.ఎ.వి. ప్రసాద్ ఈ అధ్యాయాన్ని పట్టుదలగా పరిశీలించి 1980లో పుస్తకం తెచ్చారు. ఖనిజాల జాడ తెలుసుకోవడానికి పుట్టమట్టిని పరీక్షించడం మీద కూడా ఆయన పనిచేశారు. పుట్ట లోలోపలి మన్నును ఎవరి ఖర్చూ లేకుండా పైకి తెచ్చిపెడుతుంది, దాన్ని పరీక్షిస్తే కిందేముందో తెలుస్తుంది. పుట్ట ఉన్న ప్రతి చోటా నీళ్ళు పడతాయని నేననను, బోరు వేసేముందు సరైన సర్వే చేయించుకోవాల్సిందే. కానీ చెదకు తేమ లేనిదే బతుకు లేదు, అందుకే ఆ పాత పరిశీలనను కొట్టిపారేయలేం.

ఇక ఎరుపు. మన మెట్టల కింద ఉన్నవి గ్రానైటు జాతి రాళ్ళు, పలకరాళ్ళు. గూడూరు, సైదాపురం వైపైతే అభ్రకం, ఒకప్పుడు లోకమంతా ఎగుమతైన సరుకు. అక్కడి మన్ను ఎండలో తళుక్కుమంటుంది. ఈ రాళ్ళలో తెల్లరాయి ఒక్కటే మొండిది, అది ఇసకగా మిగులుతుంది. తక్కినవి చాలావరకు వాన నీటికి మెల్లగా కరిగి బంకగా మారతాయి, వాటిలోని ఇనుము బయటపడుతుంది. వానాకాలంలో కరిగి బయటపడ్డ ఇనుముకు ఎండాకాలంలో గాలి తగిలి తుప్పు పడుతుంది. నెలల తరబడి ఎండా వేడీ ఉంటే ఆ తుప్పు ఎర్రరకంగా కుదురుకుంటుంది. చల్లగా, ఎప్పుడూ తేమగా ఉండే చోటైతే పసుపురకం అవుతుంది. నేను మొదట గుర్తుంచుకోమన్న మూడు నెలల వాన, ఆ తర్వాత నెలల తరబడి ఎండ చేసే పని ఇదే. ఎరుపు కనిపించిందంటే నీళ్ళు అక్కడ నిలవలేదనీ, గాలి బాగా ఆడిందనీ లెక్క.

అదే నీళ్ళు కిందికి జారాయి కదా, ఊరికే జారలేదు. సున్నం, మెగ్నీషియం, కరిగిన సిలికా మోసుకుపోయాయి. పల్లంలో చేరి బయటికి దారిలేక ఇంకాయి. ఆ సరుకంతా అక్కడ కలిసి వేరే రకం బంకగా మారుతుంది. మెట్ట బంకలో పొరలు బిగుతుగా అతుక్కుని ఉంటాయి. ఈ పల్లపు బంకలో పొరలు వదులుగా కట్టిన విస్తరాకుల కట్టలా ఉంటాయి, నీళ్ళు మధ్యలోకి చొరబడి ఒక్కోదాన్నీ ఎడం చేసేస్తాయి. అందుకే రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిచ్చి చెయ్యి పట్టేంత పగుళ్ళు పడుతుంది. పైమట్టి ఆ పగుళ్ళలో రాలిపడుతుంది, మళ్ళీ వాన పడితే మూసుకుంటుంది. రేగడి తనను తానే దున్నుకుంటుందని రైతులనేది అందుకే. అక్కడ పునాది సరిగ్గా వెయ్యకపోతే గోడ కూడా నెర్రెలిస్తుంది. పోషకాల్ని పట్టి ఉంచడంలో ఈ బంక మెట్ట బంక కన్నా దాదాపు పది రెట్లు మిన్న. కానీ నల్లగా ఉంది కాబట్టి కుళ్ళిన ఆకు సారం బోలెడుందని భ్రమపడకండి. చాలా రేగళ్ళలో సేంద్రియ కర్బనం ఒక్క శాతం కూడా ఉండదు. ఉన్న కాస్తా బంకతో గట్టిగా పెనవేసుకుపోయి ఆ రంగు తెచ్చింది. రాయి వల్ల వచ్చిన రేగడీ ఉందండోయ్, దక్కను పీఠభూమిలోది నల్లరాయి అరిగి వచ్చినదే.

గట్టు మీద ఎరుపు, వాలులో పసుపు, పల్లంలో నలుపో బూడిదో. ఈ వరసను 1935లో జెఫ్రీ మిల్న్ అనే నేలశాస్త్రజ్ఞుడు తూర్పు ఆఫ్రికాలో గమనించాడు. టాంగన్యీకాలోని అమానీ పరిశోధన కేంద్రంలో ఉద్యోగం ఆయనది. గుట్ట తర్వాత గుట్టకు అదే వరస కనిపించేసరికి, విడివిడి నేలలుగా కాదు, ఒకదానికొకటి ముడిపడిన గొలుసుగా వీటిని చూడాలన్నాడు. అంతకు ముందే, 1898లో, మన దేశంలో జాన్ వాల్టర్ లెదర్ నేలల్ని ఒండ్రు, రేగడి, ఎర్ర, లాటరైట్ అని నాలుగు జాతులుగా విడదీశాడు. బడిలో మనం చదువుకున్న పాఠం ఇప్పటికీ దాదాపు అదే. పాఠంగా బాగుంది గానీ, ఆ నాలుగూ పక్కపక్కనే ఒకదాని నీళ్ళు ఒకటి తాగుతూ ఉంటాయన్న సంగతి అందులో జారిపోయింది. 1972లో హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థ పెట్టినప్పుడు, ఒకే ఆవరణలో ఎర్రనేలా నల్లరేగడీ రెండూ ఉండటం పరిశోధనకు ఎంతో కలిసొచ్చింది.

ఇప్పుడు మన కయ్యల్లోకి దిగుదాం. ఇక్కడ మట్టిని తయారుచేసింది ప్రకృతి ఒక్కటే కాదు, మనిషి చెయ్యి కూడా. 1880ల్లో సంగం దగ్గర పెన్నకు ఆనకట్ట కట్టారు. 2022 సెప్టెంబరు 6న కొత్త బ్యారేజీ ప్రారంభమైంది. పెన్నా డెల్టాకు, కనుపూరు, కావలి కాలువలకు నీళ్ళు ఇక్కడి నుంచే. నూరేళ్ళకు పైగా అదే కయ్యలో నీళ్ళు పెట్టడం, దమ్ము చెయ్యడం, నాటడం. ఏటా దమ్ము చక్రాలు తిరిగి తిరిగి జానెడు లోతున గట్టిపొర ఒకటి ఏర్పడింది. నీళ్ళు కిందికి దిగకుండా ఆపేది అదే. పుట్లకు పుట్లు పండే మాగాణికి ఆ పొరే ప్రాణం.

నీళ్ళు నిలిచిన కయ్యలో గాలి కొద్దిసేపట్లోనే అయిపోతుంది. ఊపిరాడని సూక్ష్మజీవులు అప్పుడు గాలికి బదులు తుప్పులోని ఇనుము మీద పడతాయి. ఎర్రటి తుప్పు కరిగిపోతుంది, మట్టి బూడిదరంగుకు తిరుగుతుంది. పులుపెక్కిన నేలైనా, చౌడు తగిలిన నేలైనా నీళ్ళు నిలిచిన కొన్ని వారాలకు రెండూ మధ్యస్థానికి జరుగుతాయి. తుప్పు పట్టి ఉంచుకున్న భాస్వరం పైరుకు అందుతుంది. ఈ రసాయనమంతా విడమరిచి చెప్పినవాడు మన పొరుగు శ్రీలంకవాడు, పొన్నంపెరుమ. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో పనిచేస్తూ 1972లో నీటమునిగిన నేలల గురించి ఆయన రాసిన దీర్ఘవ్యాసం వరి తినే దేశాలన్నిటికీ పనికొచ్చింది.

మీరే చూడొచ్చు. నాటిన నెలకు ఒక దుబ్బు పీకి వేళ్ళు కడగండి. వేళ్ళ మీద ఇటుకరంగు పూత ఉంటే పైరు సుఖంగా ఉన్నట్టు. వరి తన ఆకుల్లోంచి గాలిని కిందికి పంపి వేరు చుట్టూ ఇనుముకు మళ్ళీ తుప్పు పట్టిస్తుంది. వేళ్ళు నల్లబడి, కుళ్ళిన గుడ్డు వాసన వేస్తే మాత్రం నీళ్ళు తీసి కయ్యను నాలుగు రోజులు ఆరబెట్టాలి. కోత అయ్యాక గట్టు పక్కన రెండడుగులు తవ్వినా ఇదే కథ. బూడిద బంకలో పాత వేళ్ళ దారుల వెంట నారింజరంగు చారలు ఉంటాయి.

సముద్రం దగ్గరకు వెళ్ళేకొద్దీ ఇసక, చౌడు. విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటలొచ్చాక పక్క కయ్యలకు ఉప్పు దిగింది. అదొక పెద్ద గోడు, ఇంకో రోజు చెప్పుకుందాం.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. ఈ డెల్టా అంతా పెన్న మోసుకొచ్చిన ఒండ్రే. రాయి అరిగి అంగుళం మట్టి కావడానికి వందల ఏళ్ళు పడుతుంది. మన మాగాణికి ఆ పని రాయలసీమ కొండలు చేసిపెట్టాయి, పెన్న తెచ్చి పరిచింది. ఇప్పుడు 78 టీఎంసీల సోమశిల జలాశయం మధ్యలో ఉంది. సోమశిల లేకపోతే మన బతుకు లేదు, ఆ మాట వందసార్లైనా అంటాను. కానీ నిలబడిన నీళ్ళు మోసిన మట్టిని అక్కడే దింపేస్తాయి. మెత్తటి ఒండ్రు జలాశయం అడుగున పూడికవుతుంది, కిందికి తేటనీళ్ళొస్తాయి. ఏటా పలచగా పరుచుకోవాల్సిన కొత్త మట్టి రాదు. అరుదుగా వచ్చే పెద్ద వరదలు అంతా తలకిందులు చేస్తాయి. 2021 నవంబరులో చూశాం కదా, పైన పెన్న ఉపనది చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు పొలాల్లో ఇసక మేటలు వేసింది. ఇక్కడ పెన్న పడుగుపాడు దగ్గర జాతీయ రహదారినే కోసేసింది. ఒండ్రు కోసం ఎదురుచూసిన చేనుకు మేట దక్కింది. ఆ ఇసక ఎత్తిపోయడానికి రైతు పడిన పాట్లు వేరే చెప్పాలా. ఇది చాలదన్నట్టు ఏట్లో ఇసకను యంత్రాలతో తోడుతుంటాం.

కొంతవరకు మన చేతిలో ఉన్న పని ఒకటుంది, అది మన తాతలు చేసిందే. చెరువు మట్టి తోలుకోవడం. మెట్ట నుంచి కొట్టుకుపోయిన బంకే చెరువు అడుగున చేరింది. దాన్ని మళ్ళీ మెట్టకు ఎక్కించడమంటే గొలుసులో కింద పడ్డదాన్ని పైకి తెచ్చుకోవడమే. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసిన మట్టిని రైతులు ట్రాక్టర్లతో తోలుకున్నారు. ఎర్రచేలో సేంద్రియ కర్బనం అర శాతం లోపే ఉందని పరీక్షా కేంద్రం కాగితం వస్తే దాన్ని తక్కువ కిందే లెక్కేస్తారు. మన చుట్టుపక్కల మెట్టచేలు చాలా వరకు ఆ వరసలోనివే. పశువుల ఎరువు కలిపి చెరువు మట్టి తోలితే రెండు వానల మధ్య ఎడం వచ్చినా పైరు వాడకుండా నిలుస్తుంది.

ఒకటి రెండు జాగ్రత్తలు. ఏప్రిల్, మే నెలల్లో చెరువు ఎండాక, తూము దగ్గరి మన్ను తీసుకోండి, నీళ్ళొచ్చే వైపుది వద్దు. నీళ్ళొచ్చే వైపున ఇసకే దిగుతుంది, మెత్తటి బంక తూము దగ్గరికి చేరుతుంది. పిడికెడు తడిపి అరచేతుల మధ్య పామి చూడండి. పొడుగ్గా తాడులా సాగితే పనికొస్తుంది, పుటుక్కున తెగిపోతే ఇసక పాలు ఎక్కువ. ఇప్పటికే రేగడి ఉన్న చేనుకు ఆ మన్ను తోలి డబ్బు పోగొట్టుకోకండి. ఒడ్డున తెల్లటి ఉప్పుపొర కట్టిన చెరువైతే మాత్రం, మట్టి పరీక్ష కాగితం చేతికొచ్చేదాకా ఒక్క ట్రక్కు కూడా తోలొద్దు.